నిశ్శబ్దమైన బాట కూడా ఒక పెట్టుబడియే

శ్రీ విజయ పురంలోని ఫీనిక్స్ బే రేవు మీకు కొత్త కాదు. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన ఆ పట్టణం నుండి స్వరాజ్ ద్వీపానికి, షహీద్ ద్వీపానికి వెళ్ళే ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు ఇక్కడి నుండియే బయలుదేరుతాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి ఈ పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చేపలవేట, చిల్లర వ్యాపారం, చిన్న మరమ్మతు దుకాణాలు వారి జీవనాధారాలు. అట్టి కుటుంబాలలో స్వయం ఉపాధి రుణం కొరకు ఆలోచించేవారికి, వారికి సరుకు అమ్మే డీలర్లకు ఒక సూచన చేయుట ఈ వ్యాసం ఉద్దేశము.

ఓడ దిగిన యాత్రికుడు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: దీవి చుట్టి చూచుటకు ఏమి దొరుకుతుంది? నేడు ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఎక్కువగా స్కూటరు, ఆటో, టాక్సీ. సైకిళ్ళు కూడా అద్దెకు ఇస్తున్నారు గాని, వాటికి దుకాణంలో దక్కేది వెనుక వరుసయే. ఈ వరుస మారవలెనని నా అభిప్రాయము. చిన్న దీవిలో మోటారు చప్పుడు లేని బాట ఒక పెట్టుబడి వంటిది. దానిని మనము పైకము పెట్టి కొనలేదు. పోగొట్టుకొన్నచో ఏ బ్యాంకు రుణముతోను తిరిగి కొనలేము.

ఫ్రాన్సు పల్లెలు చెప్పే పాఠము

సైకిలు యాత్రను పల్లెల ఆదాయముగా మలచుకొన్న దేశాలలో ఫ్రాన్సు ముఖ్యమైనది. అక్కడ రైళ్ళు నిలిచిపోయిన పాత రైలుమార్గాలలో కొన్నింటి పట్టాలు తొలగించి, ఆ కట్టలను పాదచారులకు, సైకిళ్ళకు మాత్రమే కేటాయించినారు. బర్గండీ ప్రాంతంలో జివ్రీ, క్లూనీ అనే ఊళ్ళ మధ్య సుమారు 44 కిలోమీటర్ల అట్టి బాటను 1997లో ప్రారంభించినారు. మోటారు వాహనాలకు అందు ప్రవేశము లేదు. లోయిర్ నది వెంబడి సాగే సైకిలు మార్గము సుమారు 900 కిలోమీటర్లు. పూర్వము పడవలను ఒడ్డు నుండి లాగుటకు వాడిన కాలువ గట్లు కూడా నేడు సైకిలు బాటలైనవి.

ఆ బాటల పక్కనున్న గ్రామాలకు ఇందువల్ల ఏమి లాభము? కారులో వచ్చినవాడు గంటలో పది గ్రామాలు దాటిపోతాడు. సైకిలుపై వచ్చినవాడు ఆకలికి, దప్పికకు, అలసటకు ఆగక తప్పదు. ఆగినచోట కొంటాడు, పొద్దు గుంకినచోట బస చేస్తాడు. ఈ సంగతి గ్రహించి అక్కడ సైకిలు యాత్రికులకు తగిన బసలకు, దుకాణాలకు ఒక జాతీయ గుర్తింపు ఇస్తున్నారు. గుర్తింపు పొందిన బస మార్గానికి ఐదు కిలోమీటర్ల లోపున ఉండవలెను. సైకిలును భద్రముగా ఉంచే చోటు, చిన్న మరమ్మతులకు పనిముట్లు ఉండవలెను. ఇవి పెద్ద పెట్టుబడి కోరే ఏర్పాట్లు కావు. ఒక రేకుల షెడ్డు, ఒక గాలి పంపు, కొద్దిపాటి శ్రద్ధ చాలును.

ఇది మనకు అందని విషయమని తలపవద్దు. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల గోదావరి డెల్టాకు సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కాలువలు కూడా లభించినవి. కోనసీమలో కాలువ గట్టున కొబ్బరి నీడలో సైకిలు తొక్కిన వారికి ఇట్టి బాట విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే మనకు అది బడికి, బజారుకు పోయే దారిగానే తోచినది. దూరదేశీయుడు డబ్బిచ్చి చూడవచ్చే వస్తువని మనము అనుకొనలేదు.

దీవులలో అనుకూలత

సైకిలు యాత్రకు అన్ని చోట్లు పనికిరావు. ఫీనిక్స్ బే వీధులు ఎత్తుపల్లాలతో, వాహనాలతో నిండినవి. అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా గిరిజనుల రక్షిత ప్రాంతము గుండా పోతుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళలలో కాన్వాయిగా మాత్రమే సాగవలెను, మధ్యలో ఆగరాదు. అది విహారానికి తగిన దారి కాదు, కారాదు.

2018 డిసెంబరు వరకు నీల్ దీవి అని పిలువబడిన షహీద్ ద్వీపము సంగతి వేరు. 2011 జనాభా లెక్కల నాటికి అక్కడి జనసంఖ్య సుమారు మూడు వేలు. లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, రామ్‌నగర్, సీతాపూర్ అని రామాయణము పేర్లు గల ఊళ్ళు. అక్కడి రైతులలో తూర్పు బెంగాల్ నుండి వచ్చి స్థిరపడినవారే ఎక్కువ. వారు పండించిన కూరగాయలు పట్టణానికి వస్తాయి. ఈ కొస నుండి ఆ కొసకు పది కిలోమీటర్లు కూడా లేదు, నేల చాలవరకు సమతలము. పొద్దున బయలుదేరిన సైకిలు యాత్రికుడు మధ్యాహ్నానికి దీవి అంతా చూడగలడు. పూర్వము హేవ్‌లాక్ అనబడిన స్వరాజ్ ద్వీపము ఇంతకంటె పెద్దది. అక్కడ రాధానగర్ వైపు ఎత్తులు ఉన్నవి. తూర్పు తీరం వెంబడి కాలాపత్థర్ వైపు దారి సులభము.

ఒక లెక్క

ఇప్పుడు మీకు ముఖ్యమైన విషయానికి వద్దాము. ఈ క్రింది అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి ధరలను బట్టి మీరే మార్చి వేసికొనండి.

సైకిలు ఒక్కటి 8,000 రూపాయల చొప్పున పది సైకిళ్ళకు 80,000. షెడ్డుకు, పనిముట్లకు, విడిభాగాలకు 20,000. మొత్తము లక్ష రూపాయలు. ఇందులో 15,000 మీ సొంత సొమ్ము, 85,000 రుణము అనుకొందాము. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు 150 రోజులలో సగటున రోజుకు ఐదు సైకిళ్ళు మాత్రమే, 150 రూపాయల అద్దెకు పోయినవనుకొన్నచో రాబడి 1,12,500. మరమ్మతులకు 20,000, స్థలము అద్దెకు 15,000 తీసివేసినచో 77,500 మిగులును. పన్నెండు శాతము వడ్డీతో మూడేళ్ళలో తీర్చుటకు ఏటా సుమారు 35,000 కావలెను. ఇంటికి చేరేది 42,500. కుటుంబమంతా దీనిపైనే బ్రతుకుటకు ఇది చాలదు. వేటకో, సాగుకో, చిన్న హోటలుకో తోడుగా మాత్రము మంచి ఆదాయము.

అదే లక్ష రూపాయలకు స్కూటరు ఒక్కటియే వచ్చును. దానికి అద్దె ఎక్కువ వచ్చు మాట నిజమే. కాని అద్దెకు ఇచ్చుటకు అనుమతులు, బీమా, తరుగుదల ఉన్నవి. అది చెడిన రోజున రాబడి అంతా ఆగిపోవును. పది సైకిళ్ళలో ఒకటి చెడినచో తొమ్మిది తిరుగుచునే ఉండును.

డీలర్లకు ఒక మాట

అబర్డీన్ బజారులోను, ఫీనిక్స్ బే పరిసరాలలోను వ్యాపారము చేయు డీలర్లు సైకిలు అమ్మి చేతులు దులుపుకొనరాదు. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును త్వరగా తినివేయును. చైను, ఫ్రీవీలు, స్పోకులు, బ్రేకు తీగలు మొదట చెడేవి. విడిభాగాలు సముద్రము దాటి రావలసినవి కనుక, ఒక చైను కొరకు సైకిలు పదిరోజులు మూలబడినచో ఆ నష్టము రుణగ్రహీతది. ట్యూబులు, టైర్లు, చైన్లు, బ్రేకు కట్టెలు సీజనుకు ముందే తెప్పించి ఉంచండి. ప్రతి సాయంత్రము మంచినీటితో కడిగి, తుడిచి, చైనుకు నూనె వేయుట కొనుగోలుదారులకు నేర్పండి. స్త్రీలకు, పిల్లలకు తగిన సైజులు ఉంచండి. దీపాలు లేని సైకిలు అమ్మవద్దు. శీతకాలంలో ఈ దీవులలో సాయంత్రము ఐదు దాటిన కొద్దిసేపటికే పొద్దు గుంకును.

ఎదురయ్యే సందేహాలు

యాత్రికులు స్కూటరునే అడుగుతారు గదా అని మీరు అనవచ్చును. దుకాణము ముందు వరుసగా స్కూటర్లు పెట్టి, సైకిళ్ళను వెనుక తుప్పుపట్టనిచ్చినచో ఎవరైనను స్కూటరునే అడుగుదురు. నూనె వేసిన చైను, బిగువైన బ్రేకులు, చేతిలో ఒక చిన్న పటము, దారిలో ఎక్కడ కొబ్బరినీళ్ళు దొరుకునో తెలిపే మాట ఉన్నచోట సైకిలును కోరేవారు తప్పక ఉందురు. ఎండ మాట నిజమే. దానికి తెల్లవారుజామే మందు. ఎత్తుల మాట కూడా నిజమే. అందుకు 250 వాట్లకు మించని, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగము గల విద్యుత్ సైకిళ్ళు ఒకటి రెండు ఉంచుకొనవచ్చును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము వేరొకటి ఉన్నది. ఒక కుటుంబానికి లాభము వచ్చినదని చూచి ఇరవై కుటుంబాలు అదే వ్యాపారము పెట్టినచో అద్దె పడిపోవును, కంతులు నిలిచిపోవును. కనుక దీవికి ఎన్ని సైకిళ్ళు కావలెనో చూడకుండ రుణాలు పంచరాదు. రెండవ కుటుంబము మరమ్మతు దుకాణము, మూడవది భోజనము, నాల్గవది బస పెట్టుకొనుట మేలు. బ్యాంకులు కూడా ఇట్టి రుణాలకు నెలనెలా సమానమైన కంతులు కోరుట తగదు. వానాకాలంలో రాబడి ఉండదు. సీజనులో ఎక్కువ, మిగతా కాలంలో తక్కువ కట్టే ఏర్పాటు న్యాయమైనది. పంట రుణానికి కోత చూచి గడువు పెట్టునట్లే, యాత్రికుల రుణానికి ఓడల రద్దీ చూచి గడువు పెట్టవలెను.

బాటను కాపాడేది ఎవరు?

ఈ లెక్కలన్నీ బాట నెమ్మదిగా ఉన్నంతవరకే చెల్లును. రుణము తీసికొన్న ప్రతివాడు మరొక స్కూటరు తెచ్చినచో, కొన్నాళ్ళకు ఆ దారిలో సైకిలు తొక్కుటకు పిల్లలు గల తల్లి జంకును. యాత్రికుడు చప్పుడు వినుటకు సముద్రము దాటి రాడు. అది ఆయన ఊరిలోనే కావలసినంత ఉన్నది. కనుక పంచాయతీలు పొలాల మధ్య ఉన్న చిన్న దారులలో ఒకటి రెండింటిని గుర్తించి, ఉదయపు వేళలలోనైనను సైకిళ్ళకు, పాదచారులకు వదలుట మంచిది. రైతుల బండ్లకు, రోగులను చేర్చు వాహనాలకు మినహాయింపు ఉండనే ఉండును. ఓడలో సైకిలు తీసికొనిపోవు నియమాలను, రుసుమును రేవులో అందరికీ కనబడునట్లు తెలుగుతో సహా వ్రాసి ఉంచినచో ఎంతో మేలు.

మన పల్లెలలో సైకిలును పేదవాని బండి అని చిన్నచూపు చూచుట అలవాటు. రుణము అడుగువారు కూడా సైకిళ్ళకని చెప్పుటకు మొగమాటపడుదురు. ఆ మొగమాటము విడువండి. తదుపరి రుణ దరఖాస్తు నింపుటకు ముందు మీ ఊరి దారిలో ఒకసారి తెల్లవారుజామున నడచి చూడండి. అక్కడ పక్షుల కూత ఇంకను వినబడుచున్నచో, మీ పెట్టుబడిలో సగము మీకు ముందే ఉన్నట్లు లెక్క. దానిని ఖర్చు చేయక, దానిపై వచ్చే వడ్డీతో బ్రతుకుట నేర్చుకొనండి.