చేప చచ్చిపోతే కీడు పోయినట్టేనా?

మొన్నామధ్య మా ఫ్లోర్‌లోనే ఉండే ఒకాయన లిఫ్టులో కనిపించి, "మా గోల్డ్‌ఫిష్‌లు రెండూ పోయాయండీ. పోన్లెండి, ఇంటికి రావాల్సిన కీడేదో అవి తీసుకెళ్ళాయి" అన్నారు. మామూలుగా నేను లిఫ్టులో ఎవరితోనూ వాదన పెట్టుకోను (అయిదో అంతస్తు వచ్చేలోగా ఏ వాదనా తేలదు కాబట్టి). కానీ ఆరోజెందుకో నోరూరుకోలేదు. "ట్యాంకు ఎప్పుడు కడిగించారండీ?" అనడిగా. "నాలుగు రోజులైందండీ! షాపు కుర్రాడొచ్చి రాళ్ళతో సహా తళతళలాడేట్టు కడిగి వెళ్ళాడు" అన్నారు, సంబరంగా.

అదీ సంగతి. కీడు ఆ తళతళలోనే ఉంది.

ఆయన్ని అనడానికి నాకేం హక్కుందిలెండి, నేనూ ఒకప్పుడు ఆ బాపతే. 2020 చివర్లో, అందరం ఇళ్ళల్లో కూచుని ఆఫీసు చేస్తున్న రోజుల్లో, మా అమ్మాయి పోరు పడలేక రెండడుగుల అక్వేరియం ఒకటి కొన్నాం. నెలకో ఆదివారం పొద్దున్నే మహాయజ్ఞం. చేపల్ని బకెట్లో వేసి, నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళని బియ్యం కడిగినట్టు నాలుగు సార్లు కడిగి, ఫిల్టర్‌లో స్పాంజిని కుళాయి కింద పెట్టి మురికి పోయేదాకా పిండి, మళ్ళీ కొత్త నీళ్ళు నింపేవాణ్ణి. సాయంత్రానికి అద్దంలా ఉండేది. బుధవారానికి ఆ నీళ్ళలో ఎవరో పాలు కలిపినట్టయ్యేది. శుక్రవారానికి ఒక చేప తేలేది. మా అత్తగారు "పోన్లే బాబూ, కీడు పోయింది" అనేవారు. నేను వెళ్ళి ఇంకో చేప తెచ్చేవాణ్ణి.

ఇలా మూడు సార్లయ్యాక మా అమ్మాయి (అప్పుడు రెండో క్లాసు) అడిగింది, "నాన్నా, మనం కడిగినప్పుడల్లా ఎందుకు చచ్చిపోతున్నాయి?" అని. ఆఫీసులో ఎన్ని రూట్ కాజ్ అనాలిసిస్‌లు రాశానో లెక్కలేదు. రిలీజ్ వెళ్ళిన ప్రతిసారీ సర్వర్ పడిపోతోందంటే ఎవణ్ణి పట్టుకోవాలో నాకు తెలీదూ? ఇంట్లో మాత్రం "కీడు" అని రాసి టికెట్ క్లోజ్ చేసేశా.

ఆ రాత్రి కూచుని చదివితే తేలిందేమిటంటే, నేను ప్రతి నెలా పనిగట్టుకుని ప్రొడక్షన్ సర్వర్‌ని ఫార్మాట్ చేస్తున్నాను. చేప తన మొప్పల్లోంచి అమ్మోనియా వదుల్తుంది. తినగా మిగిలిన గింజలు కుళ్ళినా అమ్మోనియానే. అది చేపకి విషం. దాన్ని నైట్రైట్‌గా మార్చే బాక్టీరియా కొన్ని, ఆ నైట్రైట్‌ని (అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది) నైట్రేట్‌గా మార్చేవి ఇంకొన్ని. నైట్రేట్ కాస్త సాధువు, మరీ పేరుకుపోతే తప్ప చంపదు. ఈ బాక్టీరియా నీళ్ళలో పెద్దగా ఉండవు. రాళ్ళని, ముఖ్యంగా ఆ ఫిల్టర్ స్పాంజిని పట్టుకుని బతుకుతాయి. కొత్త ట్యాంకులో ఈ సంసారం కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను సరిగ్గా నాలుగు వారాలకోసారి దాన్ని క్లోరిన్ నీళ్ళతో తోమి పారేస్తున్నాను. "మురికి" అనుకుని వదిలించిందే చేపల్ని కాపాడుతున్నది.

మరి నీళ్ళు మార్చక్కర్లేదా అంటే, మార్చాలి. వారం వారం, కొంచెం కొంచెం. ఆ మిగిలే నైట్రేట్‌ని ఫిల్టర్ ఏమీ చెయ్యలేదు, బకెట్టే తియ్యాలి. ఊరికే లెక్క కోసం, వారానికి 20 పాయింట్లు పెరుగుతుందనుకోండి. వారానికి పావు వంతు నీళ్ళు మారిస్తే అది మెల్లగా పెరుగుతూ 80 దగ్గర ఆగిపోతుంది. సగం మారిస్తే 40 దగ్గరే ఆగుతుంది. ఏమీ మార్చకుండా, ఆవిరైనంత మేరకు పైన పోసుకుంటూ పోతే అసలు ఆగదు. చాలామంది ఈ పైన పోయడాన్నే నీళ్ళు మార్చడం అనుకుంటారు. ఆవిరయ్యేది నీళ్ళే కానీ అందులో ఉప్పులు కాదు కదండీ. బోరు నీళ్ళు వాడేవాళ్ళ ట్యాంకు అద్దం మీద పైన తెల్ల గీత కడుతుంది చూశారా, సాక్ష్యం అదే.

రెండడుగుల ట్యాంకులో రాళ్ళూ అవీ పోను 50 లీటర్లు పడతాయి. పావు వంతంటే ఒక్క బకెట్టు. అరంగుళం ప్లాస్టిక్ ట్యూబు ఒకటి కొనుక్కుని, దాని కొసతో రాళ్ళ మధ్య పొడుస్తూ కిందున్న చెత్తతో సహా నీళ్ళు లాగేయడమే. స్పాంజిని నెలకోసారి ఆ తీసిన నీళ్ళలోనే రెండు సార్లు పిండి మళ్ళీ పెట్టేయాలి, కుళాయి కింద మాత్రం వద్దు. సబ్బు, విమ్ లాంటివి ఆ చుట్టుపక్కలకే రానీయొద్దు. తీసిన నీళ్ళు మా కరివేపాకు కుండీకి వెళ్తాయి, దానికి ఆ నైట్రేట్ విందు భోజనం :)

మన నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. తాగునీళ్ళకి మన దేశపు ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి. మనకది రక్షణ. చేప మొప్పలకి మాత్రం ఆ కాస్త కూడా ఎక్కువే. అందుకని ముందురోజే బకెట్టులో పట్టి మూత పెట్టకుండా ఉంచుతాను, పైగా షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాను. ఆర్వో నీళ్ళు పోస్తే ఇంకా శుభ్రం కదా అని ఒక కొలీగ్ అడిగాడు. వద్దు బాబూ, అందులో చేపకి కావలసిన ఖనిజాలే ఉండవు. ఇంకోటి, మే నెల మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు ఎలా కాలిపోతుంటాయో హైదరాబాద్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అవి తిన్నగా పోస్తే చేపల పులుసే.

ఏడాదిగా పట్టించుకోని ట్యాంకు ఉంటే, ఇది చదివి ఆవేశంగా ఇవాళే సగం నీళ్ళు మార్చేయకండి. ఆ చేపలు ఆ నీళ్ళకే అలవాటు పడుంటాయి. రోజుకి ఒకటి రెండు మగ్గుల చొప్పున, రెండు వారాల పాటు లాక్కురండి.

కీడు నమ్మకం మీద నాకేం గొడవ లేదండీ, ఎవరి నమ్మకం వారిది. నా బాధల్లా అది మనల్ని ఎంత సుఖంగా తప్పిస్తుందో అన్నదే. కుక్కపిల్ల చచ్చిపోతే ఏమైందని డాక్టర్ని అడుగుతాం. చేపకి మాత్రం ఏమీ అడగం, అది నోరులేనిది, పైగా యాభై రూపాయలది. కడిగినందుకూ డబ్బులిస్తాం, చచ్చినదాని బదులు కొత్తది తేవడానికీ డబ్బులిస్తాం. మధ్యలో ప్రశ్న అడగాలని నాకు తట్టడానికి మూడు చేపలూ, ఒక ఏడేళ్ళ పిల్లా కావలసొచ్చారు.

లిఫ్టాయనకి ఇదంతా అయిదు అంతస్తుల్లో చెప్పలేక ఆ సాయంత్రం ట్యూబు పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళా. ఇంకా మూడు చేపలున్నాయి, నీళ్ళపైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మేత రెండ్రోజులు ఆపించి, రోజూ క్లోరిన్ తీసిన నీళ్ళు పావు బకెట్టు మార్పించా. ఒకటి పోయింది, రెండు నిలిచాయి. నిన్న మళ్ళీ లిఫ్టులో కలిసి, "అద్దమంతా కాస్త పాచి పట్టిందండీ, కుర్రాణ్ణి పిలిచేదా?" అన్నారు. ముందువైపు పాత ఏటీఎం కార్డుతో గీకండి, వెనకవైపు దాని మానాన దాన్ని వదిలేయండి అన్నా. ఇంకేదో అడగబోతుండగా అయిదో అంతస్తు వచ్చేసింది.