ఎవరి డబ్బుతో చదివాం బావా?

పెదకూరపాడులో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ తిరిగి తిరిగి వస్తూంటుంది. ఎక్కడైనా యూనివర్సిటీ విద్యార్థులు ధర్నా చేశారంటే ఆ వారం అది తప్పదు. సారాంశం ఇదీ: సర్కారు యూనివర్సిటీల్లో మన పన్నులతో ఉచితంగా తిని కూర్చుని రాజకీయాలు చేస్తున్నారు, ప్రైవేటు కాలేజీలు మాత్రం ప్రభుత్వ సొమ్ము పైసా ముట్టకుండా ఇంజనీర్లను తయారు చేస్తున్నాయి. కింద, ప్రతి టాక్స్‌పేయరూ షేర్ చేయాలని హుకుం.

మొన్న దాన్ని పంపింది మా బావ. నాలాగే సాఫ్ట్‌వేర్. ఇద్దరం 2008 తర్వాత కన్వీనర్ కోటాలో, ప్రైవేటు కాలేజీల్లో, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజనీరింగ్ చదివాం.

"బావా, మన ఫీజు ఎవరు కట్టారు?" అని ఫోన్ చేసి అడిగాను.

"గవర్నమెంటు కట్టింది. ఐతే ఏంది? అది స్కాలర్‌షిప్పు గదా, కాలేజీకి ఇచ్చింది కాదుగా."

ఆ 'కాదుగా'లోనే ఉంది తిరకాసంతా. ఖజానా డబ్బు నేరుగా యూనివర్సిటీకి పోతే దండగ, మన పేరు మీదుగా ప్రైవేటు కాలేజీకి పోతే స్కాలర్‌షిప్పు! దారి మారింది, డబ్బు మారలేదు.

అదొక్కటే కాదు. ఈ కాలేజీలు నడిపేవి చాలావరకు ట్రస్టులు, సొసైటీలు. లాభాపేక్ష లేని విద్యాసంస్థలుగా వాటికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. డిగ్రీ ఫీజుల మీద జీఎస్టీ లేదు. రావలసిన పన్ను వదులుకోవడం కూడా సర్కారు ఇచ్చినట్టే. తప్పని నేననను. పైసా ముట్టలేదని మాత్రం చెప్పొద్దు.

ఇక సర్కారు యూనివర్సిటీల సంగతి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో వచ్చింది. 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకంలో అదొకటి. రాజ్యాంగంలో 371-ఇ అధికరణం దానికోసమే పెట్టారు. అంటే ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, మన తాతల తరం గొడవపడితే వచ్చింది. దానికి డబ్బు ప్రధానంగా కేంద్రం నుంచి, యూజీసీ ద్వారా వస్తుంది. 1976లో పుట్టిన నాగార్జున యూనివర్సిటీ లెక్క వేరు. అది రాష్ట్రానిది. ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. దాంతోపాటు పరీక్ష ఫీజులు, కాలేజీల అఫిలియేషన్ ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల రాబడి కూడా ఉంటాయి. నరసరావుపేటలో డిగ్రీ చదివే పిల్ల కట్టే పరీక్ష ఫీజు అందులోదే. ఉచితంగా తింటోందని మనం తిట్టే ఆ పిల్ల కూడా యూనివర్సిటీని పోషిస్తోంది.

టాక్స్‌పేయర్ అంటే మెడలో ఐడీ కార్డు వేసుకున్నవాడే అని మన నమ్మకం. మా ఊళ్లో మిరపచేనుకి కొట్టే పురుగుమందు మీద 18 శాతం జీఎస్టీ. మిరపకాయలు కోసే అక్క ఫోన్ రీఛార్జి మీదా 18 శాతమే. ఆమెకి ఫారం-16 రాదు కాబట్టి ఆమె పన్ను కట్టనట్టు మాట్లాడతాం. యూనివర్సిటీలో సీటొచ్చిన ఆమె కూతుర్ని, 'మన పన్నుల మీద బతుకుతోంది' అంటాం.

నిజంగా కోపం రావాల్సిన చోటు ఇంకొకటుంది. సెకండరీ, ఉన్నత విద్యల కోసమని 2007 నుంచి ఆదాయపు పన్ను మీద అదనంగా 1 శాతం సెస్సు వసూలు చేశారు. పదేళ్ల తర్వాత కాగ్ లెక్క చూస్తే 83 వేల కోట్లకు పైగా వసూలైంది. దానికంటూ ఒక నిధి తెరవలేదు, ఏ పథకాలకు ఖర్చు చేయాలో గుర్తించలేదు. ఈ సంగతి మా గ్రూపులో ఎవరూ ఒక్కసారి కూడా ఫార్వర్డ్ చేయలేదు.

మన సాహిత్య మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. ఇలాంటి మెసేజ్ కనపడగానే 'విద్య హక్కు' అని ఒక పోస్టు పెట్టి, బావలాంటివాళ్లని బ్లాక్ చేసి పోతారు. బావ అడిగింది లెక్క. ప్రజల సొమ్ముకి లెక్క అడిగే హక్కు అతనికుంది. ఆ హక్కుని కాదనకుండా, అదే ప్రశ్న మన కాలేజీల్నీ, సెస్సు వసూలు చేసినవాళ్లనీ కూడా అడుగుదాం రమ్మని చెప్పాలి. అది ఓపిక కావాల్సిన పని. నినాదంతో తెమలదు.

ఇదంతా గ్రూపులో రాశాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. పర్లేదు. సంక్రాంతికి ఊళ్లో కలుస్తాం. నేను ప్రజల డబ్బుతో చదివానని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. నా స్వయంకృషి అని చెప్పుకోవాల్సొస్తే సిగ్గుపడతాను.