రూపాయికి 8 పైసలు

నవంబరు మన జిల్లాలో సభల మాసం. 11వ తేదీ మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతి. 2008 నుంచి దేశమంతటా ఆ రోజును జాతీయ విద్యా దినంగా పాటిస్తున్నారు. మన రాష్ట్రంలో మైనారిటీల సంక్షేమ దినం కూడా అదే. 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. అవి ముగియకముందే, 19న, ప్రపంచ వారసత్వ వారం మొదలవుతుంది. వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు, కవి సమ్మేళనాలు, పుస్తక ప్రదర్శనలు, మొక్కలు నాటడం వంటి కార్యక్రమాలకు ఇది అనువైన కాలం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలోని మన కుటుంబాలు ఈ వారాన్ని ఎలా గడుపుతున్నాయన్నదే ఈ సంచికలో మేము లేవనెత్తుతున్న ప్రశ్న.

దాపరికం లేకుండా చెప్పుకుందాం. 11వ తేదీన ఆజాద్ చిత్రపటానికి పూలమాల వేయడానికి మనం వెళతాం. ఫోటో దిగి తిరిగి వస్తాం. 14వ తేదీన గ్రంథాలయం తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. అక్కడ మనం కనిపించం. నిర్వాహకులూ మనల్ని వెదకరు. కొన్నేళ్ల క్రితం అటువంటి ఒక సభకు మేము శ్రోతలుగా వెళ్లాం. వేదికపై ఉన్న ఒక ముస్లిం పెద్దను మత సామరస్యం గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆయన మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు లెక్కలు బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. పుస్తకాల గురించి గాని, చదువుల గురించి గాని ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన చెప్పవలసిన రెండు మాటలు చెప్పి కూర్చున్నారు. శ్రోతల వరుసలు చూస్తే మనవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది కూడా లేరు. కాబట్టి తప్పు ఒక పక్షానిదే అనడానికి మాకు మనస్సాక్షి ఒప్పుకోలేదు.

అయితే ఒక విషయం మన పాఠకులందరూ గుర్తుంచుకోవాలి. మనం ఏటా చెల్లించే ఇంటి పన్ను రశీదును ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అనే పద్దు ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున దీనిని వసూలు చేస్తారు. స్థానిక సంస్థలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. సకాలంలో జమ చేయడం లేదన్నది రాష్ట్రమంతటా చిరకాలంగా వినిపిస్తున్న ఫిర్యాదు. ఆ 8 పైసలు చెల్లించేటప్పుడు మన మతం ఎవరూ అడగలేదు. ఆ సొమ్ముతో వేసిన వేదికపై మనం అతిథులం ఎలా అవుతాం? ఆ వేదికకు మనమూ యజమానులమే. ఈ స్పృహ లేకపోవడమే మన వెనుకబాటుకు ఒక కారణమని మేము భావిస్తున్నాం.

జమ్మలమడుగుతో ప్రారంభిద్దాం. పట్టణానికి సమీపంలోనే గండికోట ఉంది. పెన్నా నది ఎర్రరాతి కొండలను కోసుకుంటూ పోయే ఆ లోయ అంచున మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామియా మస్జిద్, ధాన్యాగారం ఒకే కోటగోడల నడుమ నిలిచి ఉన్నాయి. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకుల నుంచి వశపరచుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికి వచ్చి ఆయనను కలిశాడు. వారసత్వ వారంలో బడి పిల్లలను ఈ కోటకు తీసుకురావడం చాలా మంచి పని. కాని అక్కడ వారికి చెప్పే చరిత్ర ఏమిటి? మస్జిద్ వద్దకు రాగానే కథనం శత్రువు కథగా మారిపోతే, ఆ బృందంలోని ముస్లిం బాలుడు తలదించుకుని నిలబడవలసి వస్తుంది. యుద్ధాలలో జరిగిన అన్యాయాలను దాచమని మేము కోరడం లేదు. ఒక సేనాని చేసిన యుద్ధం మనకు గర్వకారణమూ కాదు, ఈనాటి పిల్లవాడు మోయవలసిన నేరమూ కాదు. రాజుల పోరాటాలతో పాటు ఆ గోడలు కట్టిన శిల్పుల గురించీ, ఆ కోనేటి నీరు తాగిన అన్ని కులమతాల ప్రజల గురించీ చెప్పాలి. మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది. ఆ బాధ్యత కథ చెప్పేవారికి ఎంత ఉందో, ఇంటి నుంచి పిల్లలను అక్కడికి పంపకుండా ఉండే మనకూ అంతే ఉంది.

అదే పెన్నా మైలవరం జలాశయం దాటి, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు చేరుతుంది. బంగారు, వస్త్ర వ్యాపారాలకు పేరుపొందిన ఈ పట్టణం పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ రచించిన ఊరు కూడా. ఇక్కడి మగ్గాల వద్ద, నగల పనిలో, దూదేకుల వృత్తిలో మన చేతుల శ్రమ ఎంతో ఉంది. కాని ఏటి గర్భంలో ఇసుక తరిగిపోతున్నా, మురుగు నీరు ఏటిలో కలుస్తున్నా అది మనకు సంబంధించిన విషయం కాదన్నట్టు ఉంటున్నాం. పారే నీటి ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదనే హితబోధ మన హదీసు గ్రంథాలలో ఉంది. నాటిన మొక్క ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి అది సదఖాగా నమోదవుతుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఈ బోధనలు ఖుత్బాలో విని తలలూపే మనం, మన మస్జిదుల వుజూ నీరు ఎక్కడికి పోతున్నదో ఎన్నడైనా చూశామా? ఆ నీటిని కాలువ తీసి ఖబరస్తాన్‌లోని వేప, కానుగ మొక్కలకు మళ్లించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వలీమా విందుల తర్వాత వీధిలో గుట్టలుగా మిగిలే ప్లాస్టిక్ గ్లాసులు మన ధర్మానికి ఏ విధంగానూ శోభనివ్వవు.

పులివెందుల వైపు వెళితే నీటి సమస్య మరింత తీవ్రరూపం దాలుస్తుంది. చీనీ, అరటి తోటలకు బోర్లే ఆధారమైన ప్రాంతమది. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారపు వ్యర్థాల చెరువు చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ బోరు నీరు చెడిపోయిందనీ, పంటలు దెబ్బతింటున్నాయనీ ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. కర్మాగార యాజమాన్యం ఆ ఆరోపణలను అంగీకరించడం లేదు. మేము శాస్త్రవేత్తలం కాము, తీర్పు చెప్పబోము. కాని నీటి పరీక్షల ఫలితాలు తెలుసుకోవడం ఆ నీరు తాగే ప్రజల హక్కు. ఆ నివేదికలు సులభమైన తెలుగులోను, ఉర్దూలోను శాఖా గ్రంథాలయపు గోడపై అందరూ చదివేటట్టు అతికించాలి. వారోత్సవాలలో ఒక పూట ఆ రైతులతో, నీటి నిపుణులతో ముఖాముఖి ఏర్పాటు చేస్తే దానికి మించిన వైజ్ఞానిక సభ ఉండదు. బోరు ఎవరి పొలంలో ఉన్నా అడుగున ఉన్న జలం ఒక్కటే. ఆ రైతుల పక్కన నిలబడడం మైనారిటీ హక్కుల ఉద్యమానికి పరాయి పని కాదు.

ఇదే ప్రాంతంలోని వేంపల్లె నుంచి వచ్చిన కథకుడు వేంపల్లె షరీఫ్. ఆయన ‘జుమ్మా’ కథాసంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. మన ఇళ్లలో ఎందరు ఆ పుస్తకం చదివారు? మన పట్టణ గ్రంథాలయాలలో ఎన్ని ప్రతులు ఉన్నాయి? ఈ ప్రశ్న మేము ముందు మమ్మల్నే అడుగుకుంటున్నాం.

కళలు, సభలు మనకు తగవని సందేహించే పెద్దలు మనలో ఉన్నారు. వారి ధార్మిక నిష్ఠను మేము గౌరవిస్తాం. వారికి అభ్యంతరమైన ప్రదర్శనకు ఎవరినీ లాక్కుపోనవసరం లేదు. కాని వ్యాసం రాయడానికి, పద్యం చదవడానికి, అందమైన ఖత్ రాయడానికి, చెట్టు బొమ్మ గీయడానికి అడ్డు ఏముంది? సంగీత నాటక అకాడమీ, సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీలు ఏర్పడిన కాలంలో దేశ విద్యామంత్రి మౌలానా ఆజాదే. దివ్య ఖుర్ఆన్‌కు వ్యాఖ్యానం రాసిన ఆలిమ్ కూడా ఆయనే. తెలుగువారి బుర్రకథకు షేక్ నాజర్, నాదస్వరానికి షేక్ చినమౌలానా తెచ్చిన కీర్తి ఒక్క ముస్లింలదే కాదు, తెలుగు జాతి అంతటిదీ. ముఖ్యంగా మన ఆడపిల్లల సంగతి ఆలోచించండి. పగటిపూట, పట్టణం నడుమ, ఉపాధ్యాయుల సమక్షంలో జరిగే పోటీకి కూడా కూతురిని పంపలేకపోతే, రేపు ఆమె హక్కుల గురించి మాట్లాడే నైతిక బలం మనకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ మాసం చేయదగిన పనులు కొన్ని సూచిస్తున్నాం. వారోత్సవాలకు ముందు వచ్చే జుమా రోజున ప్రతి మస్జిద్‌లో కార్యక్రమాల వివరాలు ప్రకటించాలి. ప్రతి మొహల్లా నుంచి కనీసం అయిదుగురు పిల్లలను, వారిలో ఆడపిల్లలను తప్పక, పోటీలకు పంపాలి. ఉర్దూ దినపత్రిక, తెలుగు ముస్లిం రచయితల పుస్తకాలు కావాలని గ్రంథపాలకునికి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. 2022లో చట్ట సవరణ ద్వారా ఉర్దూను రాష్ట్ర రెండవ అధికార భాషగా ప్రకటించారు కనుక అది యాచన కాదు. దరఖాస్తు ఇచ్చినప్పుడు నకలు మీద తేదీ, ముద్రతో అందినట్టు సంతకం తీసుకోండి. నోటి మాటకు ఏ కార్యాలయంలోనూ దస్త్రం ఉండదు. గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజులలో జవాబివ్వడం అధికారుల విధి.

నిర్వాహకులకు మా విన్నపం ఒక్కటే. ముస్లిం వక్తను పిలిచినప్పుడు సామరస్యం మీదనే కాక నీటి మీద, లెక్కల మీద, కథల మీద మాట్లాడమనండి. కలిసి పని చేసే చోట సామరస్యం దానంతట అదే వస్తుంది.

20వ తేదీ సాయంత్రం ముగింపు సభలో బహుమతులు పంచుతారు, షామియానా విప్పుతారు. మరుసటి రోజు ఉదయం ఆ గ్రంథాలయంలో పత్రిక చదువుతున్నవారిలో మన పిల్లలు ఇద్దరున్నా, ఖబరస్తాన్‌లో నాటిన మొక్కకు ఎవరైనా నీరు పోస్తున్నా ఈ వారం సార్థకమైనట్టే. ఆ 8 పైసలకు రశీదు మన చేతిలో ఉంది. ఇక ఆ తలుపు దాటి లోపలికి వెళ్లడమే మిగిలింది. అల్లాహ్ మన ప్రయత్నాలను స్వీకరించుగాక!