పళ్లు చూసి బేరం

పశువుల సంతలో కోడెకు పళ్లు చూసి ధర చెప్తారు. చెప్పనీండి, పళ్లు వయసు దాచవు. పద్నాలుగేళ్ల పిల్లను ఒక్కపూట ఆడించి, "ఇది పొట్టి, పనికిరాదు" అని ఇంటికి పంపే పెద్దలతోనే నా పేచీ.

అమెరికా బాస్కెట్‌బాల్ క్లబ్బులు కుర్రాళ్ల ఎత్తు, చేతుల పొడవు, ఎగురు అన్నీ కొలిచి మరీ ఎంచుకుంటాయి. ఇంతా చేసి 2013లో మొట్టమొదట పిలిచింది ఆంథొనీ బెన్నెట్‌ను! మరుసటి ఏడే ఇంకో జట్టుకు మారకం వేసేశారు. పదిహేనో పేరుగా పిలిచిన గ్రీసు కుర్రాడు యానిస్ అంటెటోకున్‌పో 2021లో మిల్వాకీని విజేతగా నిలబెట్టాడు. టేపులున్నవాళ్ల సంగతే ఇది. మనవాళ్లకు టేపూ లేదు, ఓపికా లేదు.

మా నిజామాబాద్ నిఖత్ జరీన్‌నే చూడండి. 2011లో జూనియర్, యూత్ ప్రపంచ బాక్సింగ్‌లో స్వర్ణం. 2017లో భుజానికి దెబ్బ. 2019 డిసెంబరు ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో ఓటమి. ఆ రోజు వేలం పెడితే ఎంత పలికేది? 2022లోనూ, 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ ఆ పిల్లే!

అంచనా తప్పితే డబ్బున్న క్లబ్బుకు డబ్బే పోతుంది. పల్లెపిల్లకో? పొట్టిదన్న మర్నాటినుంచి బూట్లు కొనరు, సాయంత్రం ఆటకు పంపరు, ఆ ఏడే పెళ్లిమాట ఎత్తుతారు.

మా జక్రాన్‌పల్లి రైతు పసుపు వేసి ఎనిమిది తొమ్మిది నెలలు ఆగుతాడు. కొమ్ము ఊరిందా అని నడిమధ్యన తవ్వి చూడడు. ఆ పెద్దలు కూడా పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా నోరు కట్టేసుకుని, ముందు ఊరి బడిలో ఒక రింగు పాతించాలి.