మోటారు మనది, తాళం కంపెనీది

హాలియా చుట్టుపక్కల ఎడమ కాల్వ నీళ్లు ఎక్కని మెట్ట పొలాలకు బోరే దిక్కు. ఆ బోరు మోటారు కాలితే ఏం చేయాలో మనకు తెలుసు. పైపులు గుంజి, మోటారును వైండింగ్ షాపులో వేస్తాం. ఖర్చు భారమే, కానీ పని మన ఊరి మెకానిక్ చేతిలో ఉంది. సోలార్ పంపులతో వస్తున్న బ్రష్‌లెస్ మోటార్లు ఆ చేతిని కూడా నరుకుతున్నాయి.

సోలార్ వద్దని మేం అనడం లేదు. బ్రష్‌లెస్ మోటారు మంచిదే. రోటర్‌లో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి తక్కువ కరెంటుతో అన్నే నీళ్లు పోస్తుంది. అయితే పాత మోటారులాగా మూడు ఫేజులు నేరుగా ఇస్తే తిరగదు. రోటర్ ఏ కోణంలో ఉందో కనిపెట్టి తగిన కాయిల్‌కు కరెంటు పంపే కంట్రోలర్ కావాలి. ఆ కోణం చెప్పేది ఎన్‌కోడర్ లేదా హాల్ సెన్సార్. బోరులో మునిగే మోటార్లలో చాలావాటికి విడిగా సెన్సార్ ఉండదు, కాయిల్‌లో పుట్టే ఎదురు వోల్టేజీని బట్టి కంట్రోలరే లెక్క కడుతుంది. సెన్సార్ వైర్లు కనబడేది గట్టు మీది కొన్ని పంపుల్లో, బ్యాటరీ ఆటోల్లో.

సెన్సార్ తప్పు చెబితే మోటారు వణుకుతుంది, గుర్రుమని ట్రిప్ అవుతుంది. వచ్చినోడు "మోటారే పోయింది" అని రాసుకుని పోతాడు. అట్ల రాయనీయొద్దు. ముందు ప్యానెళ్ల స్విచ్ ఆపించి, కంట్రోలర్‌లోని కెపాసిటర్లు చల్లారేదాకా ఆగాలి. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వైర్లలో ప్రాణం తీసే డీసీ ఉంటుంది. మూడు ఫేజుల మధ్య రెసిస్టెన్స్ సమానంగా ఉంటే, బాడీకి ఎర్త్ కాకపోతే వైండింగ్ బాగున్నట్టే. ఇక సెన్సార్ వైరును ఎలుక కొరికిందా, కనెక్టర్‌లో తేమ చేరిందా, ఎన్‌కోడర్ బిళ్ల షాఫ్ట్ మీద జారిందా చూడాలి. హాల్ సెన్సార్‌కు ఒక్క సెన్సార్ సప్లై మాత్రమే ఇచ్చి షాఫ్ట్‌ను చేత్తో మెల్లగా తిప్పితే, మూడు సిగ్నల్ వైర్లలోనూ వోల్టేజీ పడుతూ లేస్తూ ఉండాలి. ఒకటి కదలకపోతే దోషం అక్కడే. సిగ్నల్ వైరును మోటారు వైరుతో కలిపి కట్టినా తప్పుడు సంకేతాలు వస్తాయి.

ఇంతవరకు మన మెకానిక్ నేర్చుకోగలడు. అసలు అడ్డు దీని తర్వాతే. ఎన్‌కోడర్ మార్చినా, మళ్లీ బిగించినా, దాని సున్నా స్థానం రోటర్‌తో ఎక్కడ కలుస్తుందో కంట్రోలర్‌కు కొత్తగా నేర్పాలి. ఆ సెట్టింగ్ పాస్‌వర్డ్ వెనక ఉంది. పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఉంది. వాళ్ల మనిషి వచ్చేసరికి నారుమడి ఎండుతుంది.

2019లో వచ్చిన పీఎం కుసుమ్‌లో విడి సోలార్ పంపులకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే, మిగిలిన 40 రైతు భరించాలి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని మాచారంలో 2025 మే నెలలో మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం 12,600 కోట్ల పథకం. 2 లక్షల పైచిలుకు గిరిజన రైతులకు ఉచితంగా పంపులట. సంతోషం. కానీ అయిదేళ్ల వారంటీ తీరిన మరునాడు నల్లమల పోడు భూమిలో ఆ కంట్రోలర్ ఎర్ర లైటు వేస్తే ఎవరు వస్తరు? ప్రారంభోత్సవానికి వచ్చినోళ్లా?

ఇది మన ఒక్కరి గొడవ కాదు. ట్రాక్టరు సాఫ్ట్‌వేర్ తాళాల మీద అమెరికా రైతులు ఏళ్ల తరబడి కొట్లాడితే, 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలు బాగుచేసుకునే హక్కుకు చట్టం చేసింది. మన కేంద్రం కూడా 2022లో ఇదే హక్కు మీద కమిటీ వేసింది, అందులో వ్యవసాయ పరికరాల పేరూ ఉంది. కమిటీతో మోటారు తిరగదు, చట్టం కావాలి.

సబ్సిడీ సొమ్ము ప్రజలది. ఆ సొమ్ముతో కొన్న ప్రతి కంట్రోలర్‌కు తెలుగులో వైరింగ్ పటం, ఎర్రర్ కోడ్ల అర్థం, సెట్టింగ్ పాస్‌వర్డ్ రైతు చేతికి ఇవ్వాలని టెండరులోనే రాయాలి. మండలానికో స్పేర్ కంట్రోలర్ నిల్వ పెట్టాలి. మన వైండింగ్ మెకానిక్‌లకు ఐటీఐల్లో ప్రభుత్వమే శిక్షణ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆగిపోయిన పంపు ఉంటే ఆగిన తేదీ, ఫిర్యాదు నంబరు, మనిషి వచ్చిన తేదీ రాసి గ్రామ కమిటీకి ఇవ్వండి. ఆ కాగితాలన్నీ పట్టుకుని కలెక్టరేట్‌కు పోదాం.