మొలలోని పిస్తోలు

1878లో లిట్టను ప్రభుత్వము ఆయుధ శాసనముచే మనలను నిరాయుధులఁ జేసినప్పుడు దేశము దానిని అవమానముగా నెంచెను. 1959లో మన పార్లమెంటే క్రొత్త శాసనము చేసెను. నేఁడు అనంతపురము జిల్లాలోని కలవారు కొందఱు, లైసెన్సు సంపాదించి మొలలో దాఁచుకొనఁదగు చిన్న పిస్తోలును కొన్నచో ప్రాణభయము తీఱునని తలఁచుచున్నారు. 2005 జనవరి 24న పెనుకొండ శాసనసభ్యుఁడు పరిటాల రవి అనంతపురములో తన పార్టీ కార్యాలయము నొద్దనే కాల్పబడెను. అంగరక్షకు లుండియు ఫలము లేకపోయెను. ఆయన ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాదులో తన కారులోనే అతిసమీపమునుండి వచ్చిన తూటాకు బలియయ్యెను.

అదియుఁగాక క్రొత్త పిస్తోలు కొన్ననాఁడే నమ్మఁదగినది కాదు. పలుమాఱు కాల్చి చూచినఁగాని, తూటా యిఱుకుకొనునో లేదో, ఒఱనుండి చేతికి సులువుగా వచ్చునో రాదో తెలియదు. 2016 నిబంధనలు శిక్షణమును గోరుచున్నవి. తూటాలా, లైసెన్సులో వ్రాసిన లెక్కకే దొరకును. కావున కొన్నవాఁడు వానిని పెట్టెలో దాఁచునేగాని అభ్యాసమునకు వెచ్చింపఁడు. ఇఁక ఎన్నికలు వచ్చెనా, కక్షలు రగులుకొను ఆ దినములందే పెక్కండ్రు తమ ఆయుధములను పోలీసు ఠాణాలో నప్పగింపవలసియుండును!

ఒకనికి లైసెన్సు వచ్చినచో నెదుటివాఁడును దరఖాస్తు పెట్టును. వాన కఱవైన యీ సీమలో రైతు డబ్బు తుపాకికిఁ బోవుటకు ముందు, ఆ భయమునకు మూలమైన గ్రామకక్షను విచారించి తీర్చుట కలెక్టరుగారి మొదటి పని కావలెను.