జిడ్డు ముఖానికి సన్‌స్క్రీన్ ఎందుకంటారా?

"ఉన్న జిడ్డు చాలదా, మళ్ళీ దానిమీద క్రీమెందుకు?" మొటిమలున్న పిల్ల చేతిలో సన్‌స్క్రీన్ ట్యూబు కనపడగానే మన ఇళ్ళలో వచ్చే మొదటి మాట ఇదేనండీ. మా ఇంట్లో వచ్చింది, పక్కింట్లో వచ్చింది, పోయిన నెల పెళ్ళిలో వంటశాల దగ్గర కూర్చున్నప్పుడు కూడా వచ్చింది. అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు. కానీ ఈ ప్రేమ వల్ల ముఖం నిండా మచ్చలు మిగిలేది పిల్లలకి. అందుకే ఈసారి కొంచెం గట్టిగానే రాస్తున్నాను.

మాది సున్నిపెంట. శ్రీశైలం కొండ పక్కన, డ్యాము పని జరిగే రోజుల్లో వెలసిన కాలనీ. చుట్టూ నల్లమల ఉంది కదా, మీకేం, చల్లగా ఉంటుందంటారు బంధువులు. మార్చి నుంచి జూన్ దాకా ఒకసారి వచ్చి ఉండి చూడమనండి. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నంద్యాల జిల్లాలో కలిపారు గానీ ఎండ మాత్రం ఇంకా కర్నూలుదే. ఆకులు రాలిపోయిన అడవి నీడ ఇవ్వదు. పాతాళగంగ మెట్లు దిగితే పైనుంచి ఎండ, కింద నీళ్ళ మీద నుంచి తిరిగి కొట్టే వెలుగు.

మా అత్తగారి వాదన ఏమిటంటే, "మేమేం పూసుకున్నామమ్మా? కొంగు కప్పుకుని పొయ్యేటోళ్ళం. ఏంటికి ఆ సున్నం?" ఇందులో సగం నేను ఒప్పుకుంటాను. కొంగును మించిన సన్‌స్క్రీన్ లేదు. ఉగాదికి కర్ణాటక నుంచి కాలినడకన వచ్చే భక్తులను చూడండి, తల మీద తువ్వాలు లేకుండా ఒక్కరూ కనపడరు. మంచి మందం గుడ్డ, గొడుగు, అంచున్న టోపీ, ఇవన్నీ క్రీము కంటే ముందు. కానీ కాలేజీ బస్సు కిటికీ పక్కన గంటసేపు కూర్చునే పిల్ల, బండి మీద పోయే పిల్ల, ఎండలో కొట్టు పెట్టుకుని గాజులమ్మే పిల్ల రోజంతా కొంగు కప్పుకుని ఉండలేరు. కిటికీ అద్దం ముఖాన్ని మాడనివ్వదేమో గానీ, చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాల్లో చాలా భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. మబ్బు కూడా అంతే.

ఇక అసలు సంగతి. జిడ్డు చర్మం వాళ్ళకి సన్‌స్క్రీన్ అక్కర్లేదని కాదు, వాళ్ళకే ఎక్కువ కావాలి. మన చామనచాయ ముఖాల మీద మొటిమ తగ్గిపోయినా దాని మచ్చ మిగులుతుంది. ఎండ తగిలిన కొద్దీ ఆ మచ్చ ముదురుతుంది, నెలల తరబడి పోదు. పైగా మొటిమలకని డాక్టర్లు రాసే మందులు, రాత్రి రాసుకునే రెటినాయిడ్ జెల్ గానీ, డాక్సీసైక్లిన్ మాత్ర గానీ, చర్మాన్ని ఎండకు ఇంకా సున్నితం చేస్తాయి. మందు మింగించి, జెల్ రాయించి, "క్రీములు వద్దులే" అని ఎండలోకి పంపితే ఆ డబ్బులు కృష్ణలో వేసినట్టే.

జిడ్డంటే మురికి అనుకోవడం దగ్గరే మన తిప్పలన్నీ మొదలవుతాయి. ఆ నూనె చర్మమే తయారుచేసుకుంటుంది. ముక్కు మీద కనపడే నల్లచుక్కలు కూడా మట్టి కాదండీ. రంధ్రంలో గడ్డకట్టిన నూనె, చనిపోయిన కణాలు గాలి తగిలి నల్లబడతాయి, చర్మపు రంగు కూడా అందులో కలుస్తుంది. ఎంత రుద్దినా పోదు, రుద్దితే చుట్టూ ఉన్న చర్మం వాచి ఇంకో మచ్చ పడుతుంది.

కొనేదగ్గరికి వద్దాం. ఇక్కడ చర్మ డాక్టరుకి చూపించాలంటే ఘాట్ దిగి, దోర్నాల దాటి, ఆత్మకూరు మీదుగా కర్నూలుకో నంద్యాలకో పోవాలి. ఒక రోజు పోతుంది, బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజు. అందుకని మందుల షాపు మనిషే డాక్టరవుతాడు. నాకు తెలిసిన ఒకమ్మాయి, పెళ్ళి ఆరు నెలలుందనగా, "మొటిమలకి, ఎండకి రెంటికీ పనికొచ్చేది ఇవ్వండి" అని అడిగింది. ఎక్కడో పేరు చెప్పను, ఒక షాపులో చిన్న ట్యూబు ఇచ్చారు. మొదటి వారం ముఖం అద్దంలా మెరిసిపోయింది. వాళ్ళమ్మ అందరికీ చూపించుకుంది. రెండు నెలలు రాసి ఆపేసరికి ముఖమంతా ఎర్రగా మంట, మునుపటికంటే ఎక్కువ మొటిమలు, చెంపల మీద సన్నటి వెంట్రుకలు. అది స్టెరాయిడ్ క్రీము. 2018లోనే కేంద్రం ఇలాంటి పూత మందులు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. చీటీ ఎవరు అడుగుతున్నారు? ట్యూబు మీద బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసాల్, ఈ మూడింట్లో ఏ పేరు కనపడినా వెనక్కి ఇచ్చేయండి. ఇప్పటికే రాస్తున్నవాళ్ళు ఉన్నపళంగా ఆపకుండా డాక్టరుకి చూపించి ఆపాలి. ఆ అమ్మాయి పెళ్ళి జరిగింది, మేకప్ మందంగా వేసి ఫొటోలు తీశారు. ఆ పిల్ల ఇప్పటికీ ఫొటోల ఆల్బం తెరవదు.

తెలుపు పిచ్చి లేకపోతే ఆ ట్యూబు అంత సులువుగా అమ్ముడుపోయేది కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేశారు. మన నోళ్ళలోంచి ఇంకా పోలేదు. సన్‌స్క్రీన్ డబ్బా మీద కూడా "తెల్లబరుస్తుంది" అని ఉంటేనే చేయి అటు పోతుంది. సన్‌స్క్రీన్ ఎవరినీ తెల్లగా చెయ్యదు. ఉన్న రంగును ఉన్నట్టు ఉంచడమే దాని పని.

ఇప్పుడు "మ్యాట్" అనే మాట సంగతి. జిడ్డు ముఖాలకి ఇది మంత్రంలా అయిపోయింది. మ్యాట్ సన్‌స్క్రీన్‌లో సిలికానో, పిండి పొడులో వేస్తారు, అవి నూనెను పీల్చుకుంటాయి. పీల్చుకోవడానికి ఒక హద్దుంటుంది. ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళకి సాయంత్రం దాకా ఆగవచ్చునేమో, మా ఏప్రిల్‌లో రెండు మూడు గంటలకే మళ్ళీ మెరుపు వచ్చేస్తుంది. పన్నెండు గంటల మ్యాట్ అని రాసినవాళ్ళని ఒక మధ్యాహ్నం పాతాళగంగ మెట్లు ఎక్కించాలని నాకు భలే కోరిక. మ్యాట్ వద్దని కాదు, మా అమ్మాయి వాడేది అదే. మెరుపు వచ్చిందంటే సన్‌స్క్రీన్ మొత్తం పోయిందని కాదు, మెత్తటి నూలు గుడ్డతో అద్దుకుంటే చాలు, తుడవకూడదు. ఎండలోనే ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి.

మ్యాట్‌తో అసలు ఇబ్బంది వేరే ఉంది. కొన్ని మరీ పొడిగా ఉండి, కొంచెం ఎక్కువ రాస్తే పొట్టు పొట్టుగా లేస్తాయి. దాంతో పిల్లలు బఠాణీ గింజంత తీసుకుని సరిపెడతారు. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 50 అని రాసేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి పరీక్ష చేసి. చూపుడువేలు, నడిమివేలు రెండింటి పొడవునా గీత గీసినట్టు పెట్టుకుంటే ముఖానికీ మెడకీ దాదాపు అంత అవుతుంది. అందులో సగమో పావో రాస్తే 50 కాస్తా ఎక్కడికో పడిపోతుంది. సరిగ్గా రాసినప్పుడు 30 అయితే యూవీబీలో 97 శాతాన్ని ఆపుతుంది, 50 అయితే 98 శాతాన్ని. ఆ ఒక్క శాతం కోసం బరువైన క్రీము కొని తక్కువ రాసుకునేకంటే, రెండు వేళ్ళ పొడవు రాసినా ముఖం ఊపిరాడే తేలిక జెల్ 30 కొనుక్కోవడం మేలు. పక్కనే పీఏ అని ప్లస్‌లు ఉంటాయి, అది యూవీఏకి, మూడన్నా ఉండాలి. జింకు ఆక్సైడ్ ఎక్కువున్నవి మన రంగు మీద బూడిద గుమ్మడికాయలా కనపడతాయి. విభూతి రేఖల ఊరు కాబట్టి మా దగ్గర ఎవరూ పట్టించుకోరు గానీ, కాలేజీలో నవ్వుతారు. రంగు కలిపిన టింటెడ్ రకం చూసుకోండి, అందులో ఉండే ఐరన్ ఆక్సైడ్ మచ్చల్ని ముదిర్చే మామూలు వెలుగును కూడా కొంత ఆపుతుంది.

"నాన్ కామెడోజెనిక్" అని కనపడితే కళ్ళు మూసుకుని కొనేస్తారు చదువుకున్నవాళ్ళు. రంధ్రాలు మూసుకుపోనివ్వదని దాని అర్థం. ఆ మాట వేసుకోవడానికి ఫలానా పరీక్ష నెగ్గాలన్న కట్టుదిట్టమైన నియమం లేదండీ. ఏ పదార్థానికి ఎన్ని మార్కులని తిరిగే పట్టికలు చాలావరకు 1970, 80ల్లో కుందేలు చెవి లోపల పూసి చూసిన పరీక్షల నుంచి వచ్చినవి. కుందేలు చెవి వేరు, మనిషి ముఖం వేరు. ఆ మాట ఉంటే మంచిదే, కానీ నమ్మకం మీ సొంత పరీక్ష మీద పెట్టుకోండి. చిన్న ట్యూబు కొని దవడ పక్కన ఓ వారం రాసి చూడండి. దురద, మంట లేకపోతే ముఖానికి రాయండి. రంధ్రాలు మూసుకుపోవడం మర్నాడే తెలియదు, మూడు నాలుగు వారాలు పడుతుంది. ఒక్క రోజు రాసి, ఆ రోజు వచ్చిన మొటిమను చూసి "పడలేదు" అని పారేయడం ట్యూబుకి అన్యాయం.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టుకునేది కడిగే దగ్గర. రాసుకోవడం గురించి వంద మంది చెప్తారు, తీయడం గురించి ఒక్కరూ చెప్పరు. ఒకవైపు, అలిసిపోయి వచ్చి నీళ్ళు చల్లుకుని పడుకునేవాళ్ళు. పొద్దున రాసిన క్రీము, చెమట, దుమ్ము, నూనె అన్నీ రాత్రంతా ముఖం మీదే. "సన్‌స్క్రీన్ వల్ల మొటిమలొచ్చాయి" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. రెండోవైపు, సెనగపిండి, బరక సున్నిపిండి, పీచు, ఏది దొరికితే దానితో గిన్నె తోమినట్టు తోమేవాళ్ళు. దాని మీద నిమ్మచెక్క. నిమ్మరసం తగిలిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలెక్కి నల్లటి మరకలు పడతాయని ఎంతమంది అమ్మలకు తెలుసు? సున్నిపిండి మీద నాకు కోపం లేదు, ఒంటికి పండగ రోజు రాయండి. మొటిమలున్న ముఖానికి వద్దు.

మన సీమలో ఇంకో చిక్కుంది, బోరు నీళ్ళు. ఉప్పు నీళ్ళలో సబ్బు నురగ రాదు, బకెట్టు అంచుకి తెల్లటి తెట్టు కడుతుంది చూడండి, అది నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి అయ్యేది. అదే తెట్టు ముఖం మీద కూడా మిగులుతుంది. పైగా సబ్బుకి క్షారగుణం ఎక్కువ. జిడ్డు పోలేదని మళ్ళీ సబ్బు, మళ్ళీ తెట్టు. అలాంటి నీళ్ళున్నచోట సబ్బు మానేసి, సబ్బు కాని జెల్ ఫేస్‌వాష్ వాడాలి. చివర ఒక చెంబెడు తాగే నీళ్ళతో కడుక్కుంటే ఇంకా మంచిది.

తేలిక జెల్ సన్‌స్క్రీన్ అయితే ఒక్క ఫేస్‌వాష్ చాలు. గోళ్ళు తగలకుండా వేళ్ళ కొసలతో ఒక నిమిషం, నుదుటి అంచు, ముక్కు పక్కలు, దవడ కింద. నీళ్ళకు చెమటకు ఆగే రకమైతే అది చర్మాన్ని అంటుకునేలా చేసిందే కాబట్టి ఊరికే పోదు. దానికి ముందు మైసెల్లార్ నీళ్ళలో తడిపిన దూదితో నెమ్మదిగా తీయాలి, లేదా నీళ్ళు తగలగానే పాలలా మారే క్లెన్సింగ్ ఆయిల్. కొబ్బరి నూనె ఈ పనికి పనికిరాదు, నీళ్ళతో పోదు, రంధ్రాలు మూసుకుపోయే ముఖాలకి అది పడదు. రోజూ రెండు సార్లు కడగాల్సిందేనని కొందరు ఇంకో వస్తువు అమ్మజూపుతున్నారు. ఇంట్లోనే ఉన్న రోజు తేలిక జెల్‌కి రెండో సీసా దండగ.

ఇంతా చెప్పాక ఖర్చు మాట వస్తుంది. ఒకసారికి దాదాపు గ్రాము పడుతుంది. 50 గ్రాముల ట్యూబు రోజుకొకసారి రాస్తే ఏడు వారాలు, రెండుసార్లు రాస్తే నెలలోపే. ఏడాదికి ఒక్క ట్యూబు కొని ముగ్గురు రాసుకునే ఇంట్లో నిజానికి ఎవరూ రాసుకోనట్టే. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గించినప్పుడు టాల్కం పౌడరు, ఫేస్ పౌడరు 18 నుంచి 5 శాతానికి దిగాయి. సన్‌స్క్రీన్ 18లోనే ఉండిపోయింది. ముఖం తెల్లగా కనపడేలా చేసే పౌడరు నిత్యావసరం, ఎండ నుంచి కాపాడేది విలాసమట! మన అత్తగార్ల లెక్క, ఢిల్లీ వాళ్ళ లెక్క ఒక్కటే.

మగపిల్లల సంగతి అడగనే అడగరు. మా వాడికి అక్క కంటే ఎక్కువ జిడ్డు, ఎక్కువ మొటిమలు. "మొగోడికి ఏంటికి?" అని మా ఆయన నవ్వారు. వాడు సెలవుల్లో పొద్దుటి నుంచి గ్రౌండులోనే ఉంటాడు. వాడి ట్యూబు వేరే కొన్నాను, నీళ్ళకు ఆగే రకం, తీయడానికి మైసెల్లార్ సీసా కూడా. సరుకుల చీటీలో కందిపప్పు కిందే రాసి ఇచ్చాను. మా ఆయన చీటీ రెండుసార్లు చదువుకున్నారు, ఏమీ అనలేదు, తెచ్చారు.